స్లైడ్లు నేర్చుకోవడం దేనితో మొదలుపెట్టాలి: పవర్‌పాయింటా, గూగుల్ స్లైడ్సా, ఇంప్రెస్సా?

స్లైడ్లు చేయడం కొత్తగా నేర్చుకోవాలనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: పవర్‌పాయింట్ మంచిదా, గూగుల్ స్లైడ్స్ మంచిదా, డబ్బు పెట్టనక్కరలేని లిబ్రేఆఫీస్ ఇంప్రెస్ సరిపోతుందా? దానికి జవాబు చెప్పే ముందు నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. మీరు తయారుచేసిన స్లైడ్లు చివరికి ఎవరి కంప్యూటర్‌లో తెరుచుకోబోతున్నాయి? ఎంపికలో సగానికి పైగా ఈ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతుంది. మెనూల అందం, రెడీమేడ్ డిజైన్ల సంఖ్య, యానిమేషన్ల ఆర్భాటం వంటివన్నీ దాని తరువాతే వస్తాయి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి ఇంట్లో ఇరవై స్లైడ్లు శ్రద్ధగా తయారుచేసుకుని, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఒక సభకు వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లో నేను వాడిన ఫాంట్ లేదు. దాని స్థానంలో అంతకంటే వెడల్పయిన మరో ఫాంట్ వచ్చి కూర్చుంది. దాంతో రెండు వరుసల్లో ఒదిగిన శీర్షికలు మూడు వరుసలై, మూడో వరుస కాస్తా కింద ఉన్న బొమ్మ మీదికి ఎక్కింది. సాఫ్ట్‌వేర్‌ది తప్పేమీ లేదు. ఫాంట్‌ను ఫైల్‌లో కలపకుండా, ఆ కంప్యూటర్‌లో ఒకసారైనా తెరిచి చూసుకోకుండా వెళ్లడం నా తప్పు. అయితే ఆ ఫైల్ అక్కడ తెరుచుకోవాలని ముందే ఆలోచించి ఉంటే, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేయాలన్న నిర్ణయమే వేరుగా ఉండేది.

ఏది ఎంచుకున్నా తప్పనిసరిగా నేర్చుకోవలసినది

సాఫ్ట్‌వేర్లను పోల్చే ముందు వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పునాదిని చూడాలి, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా తడబడేది అక్కడే. కొత్త ఫైల్ తెరవగానే స్లైడ్ మీద సన్నని గీతలతో ఒకటి రెండు పెట్టెలు కనిపిస్తాయి, శీర్షిక చేర్చడానికి ఇక్కడ క్లిక్ చేయండి అన్న అర్థం వచ్చే మాట వాటిలో ఉంటుంది. వీటిని ప్లేస్‌హోల్డర్లు అంటారు. చాలామంది మొదటిరోజే వీటిని అడ్డంగా భావించి తొలగించి, ఖాళీ తెల్లని స్లైడ్ మీద ఇన్సర్ట్ మెనూలోంచి టెక్స్ట్ బాక్సులు తెచ్చుకుని, తమకు నచ్చినచోట పెట్టుకుంటారు. తెర మీద చూస్తే రెండు పద్ధతులకూ తేడా ఏమీ కనబడదు. తేడా మార్పు చేయవలసి వచ్చినప్పుడు బయటపడుతుంది.

పన్నెండు స్లైడ్లున్న ఒక ఫైల్‌ను తీసుకుందాం. పూర్తయ్యాక ఎవరో చూసి, శీర్షికలు నీలంలో కాక ముదురు ఆకుపచ్చలో ఉంటే బాగుంటుందని, కాస్త పెద్దవి చేయమని అన్నారనుకోండి. శీర్షికలన్నీ ప్లేస్‌హోల్డర్లలోనే టైప్ చేసి ఉంటే, వ్యూ మెనూలోంచి స్లైడ్ మాస్టర్‌లోకి వెళ్లి, అన్నిటికంటే పైనున్న నమూనా స్లైడ్‌లో రంగూ సైజూ ఒక్కసారి మారిస్తే చాలు, పన్నెండు స్లైడ్లూ వాటంతట అవే మారిపోతాయి. టెక్స్ట్ బాక్సుల్లో టైప్ చేసి ఉంటే పన్నెండు చోట్లకూ వెళ్లి విడివిడిగా మార్చుకోవాలి. అలా మారుస్తూ పోతే ఏడో స్లైడ్ దగ్గరికి వచ్చేసరికి ఒక శీర్షిక చేయి తగిలి రవ్వంత పక్కకు జరిగి ఉంటుంది. స్లైడ్లు ఒకదాని తరువాత ఒకటి నడిపేటప్పుడు ఆ శీర్షిక ఉలిక్కిపడినట్టు కదులుతుంది. దానికి కారణమేమిటో తయారుచేసినవారికి కూడా వెంటనే అంతుపట్టదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. పవర్‌పాయింట్‌లోనూ ఇంప్రెస్‌లోనూ అవుట్‌లైన్ వ్యూ అనే దృశ్యం ఉంటుంది. అది బొమ్మలూ రంగులూ పక్కన పెట్టి అక్షరాలను మాత్రమే వరుసగా చూపిస్తుంది. ప్లేస్‌హోల్డర్లలో రాసినదంతా అందులో చక్కని విషయసూచికలా కనిపిస్తుంది, టెక్స్ట్ బాక్సుల్లో రాసినది అసలు కనిపించదు. మీ ఫైల్‌ను అవుట్‌లైన్‌లో తెరిచినప్పుడు స్లైడ్ అంకెల పక్కన అంతా ఖాళీగా ఉంటే, మీరు స్లైడ్లు చేయడం కాక పోస్టర్లు చేయడం నేర్చుకున్నారని అర్థం. చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్లు కూడా స్లైడ్ శీర్షికను ఈ ప్లేస్‌హోల్డర్ ఆధారంగానే గుర్తిస్తాయి కాబట్టి, ఇది తయారుచేసేవారి సౌకర్యానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు.

ప్లేస్‌హోల్డర్, లేఅవుట్, మాస్టర్, థీమ్ అనే ఈ నాలుగింటికీ ఉన్న సంబంధం అర్థమైతే పునాది పడినట్టే. థీమ్ అంటే రంగుల, ఫాంట్ల కూర్పు. మాస్టర్ అంటే ఆ కూర్పును స్లైడ్లన్నిటికీ అందించే తల్లి స్లైడ్. లేఅవుట్ అంటే శీర్షిక ఎక్కడ, బొమ్మ ఎక్కడ అని చెప్పే అమరిక. మీరు టైప్ చేసే చోటు ప్లేస్‌హోల్డర్. పేర్లలో చిన్న తేడాలు ఉంటాయి: గూగుల్ స్లైడ్స్‌లో మాస్టర్‌ను మార్చే చోటును ఇప్పుడు థీమ్ బిల్డర్ అంటున్నారు. పేరు ఏదైనా పని ఒకటే.

ఇక మాట్లాడేవారికి మాత్రమే నోట్సు, తరువాతి స్లైడ్, గడియారం కనిపించే ప్రెజెంటర్ వ్యూ మూడింటిలోనూ ఉంది. ప్రదర్శన నడుస్తుండగా బి అక్షరం నొక్కితే తెర నల్లబడటం, మళ్లీ నొక్కితే స్లైడ్ తిరిగి రావడం కూడా మూడింటిలోనూ పనిచేస్తుంది. కంట్రోల్, ఎం కలిపి నొక్కితే కొత్త స్లైడ్ వచ్చే అలవాటు కూడా మూడింటికీ ఉమ్మడిదే.

పవర్‌పాయింట్

ఈ అలవాట్లన్నీ ఉమ్మడిగా ఉండటానికి కారణం చరిత్రలో ఉంది. పవర్‌పాయింట్‌ను రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో రూపొందించారు. అది 1987లో మొదట మాకింటాష్ కోసం విడుదలైంది, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. విండోస్ వెర్షన్ 1990లో వచ్చింది. ఆ తరువాత వచ్చినవన్నీ అటూ ఇటూగా ఇదే నమూనాలో నడిచాయి: ఎడమ వైపు చిన్న స్లైడ్ల వరుస, మధ్యలో పెద్ద స్లైడ్, దాని కింద నోట్సు. అందువల్ల ఒకదానిలో పునాది నేర్చుకున్నవారికి మరొకదానికి మారడం రెండు మూడు రోజుల పని మాత్రమే.

పవర్‌పాయింట్ ప్రధాన బలం దాని ఫైల్ రూపమే. 2007 ఆఫీస్‌తో వచ్చిన పీపీటీఎక్స్ రూపాన్ని దాదాపు ప్రతి సాఫ్ట్‌వేరూ తెరవగలదు, అయితే అందులోని ప్రతి సదుపాయం ఉన్నదున్నట్టుగా కనిపించేది పవర్‌పాయింట్‌లోనే. ఒక స్లైడ్‌లోని వస్తువు తరువాతి స్లైడ్‌లోకి సాఫీగా రూపు మార్చుకుంటూ కదిలే మార్ఫ్, క్రమాలనూ అంతస్తులనూ చూపే స్మార్ట్‌ఆర్ట్ పటాలు వంటివి వేరేచోట తెరిస్తే సాధారణ ఫేడ్‌గానో, విడివిడి ఆకారాలుగానో మారిపోవచ్చు. విండోస్ పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్ అనే వరుసలో వెళితే ఫాంట్లను ఫైల్‌లోనే కలిపే గడి ఒకటి ఉంటుంది. నేను ఆ సభకు వెళ్లే ముందు రోజు టిక్ పెట్టవలసిన గడి అదే.

ఇబ్బంది ఏమిటంటే, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే పూర్తి వెర్షన్‌కు డబ్బు చెల్లించాలి. బ్రౌజర్‌లో నడిచే వెర్షన్ మైక్రోసాఫ్ట్ ఖాతా ఉన్నవారికి ఉచితం, 5 జీబీ వన్‌డ్రైవ్ చోటు కూడా దానితో వస్తుంది. పునాది నేర్చుకోవడానికి ఆ ఉచిత వెర్షన్ సరిపోతుందన్నది నా అభిప్రాయం. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: ఇన్‌స్టాల్ చేసిన పవర్‌పాయింట్‌లో ఆటోసేవ్ మీట పనిచేయాలంటే ఫైల్ వన్‌డ్రైవ్ వంటి క్లౌడ్‌లో ఉండాలి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైల్‌ను ఎప్పటికప్పుడు మీరే సేవ్ చేసుకోవాలి. డిజైన్ సూచనలు వాటంతట అవే కుడివైపు వచ్చే డిజైనర్ పేన్ కనిపిస్తే, నేర్చుకునే రోజుల్లో దాన్ని మూసివేయడం మంచిది. అది ఇచ్చే అమరిక అందంగానే ఉంటుంది కానీ, ఆ అందం ఎలా వచ్చిందో మీకు తెలియదు.

గూగుల్ స్లైడ్స్

2007లో గూగుల్ డాక్స్‌కు తోడుగా వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ మొదటినుంచీ బ్రౌజర్‌లోనే పుట్టి పెరిగింది. గూగుల్ ఖాతా ఉంటే ఉచితం, ఖాతాతో వచ్చే 15 జీబీ చోటులోనే స్లైడ్లు కూడా ఉంటాయి. సేవ్ చేయడం అనే ఆలోచనే అక్కరలేదు, ప్రతి మార్పూ దానంతట అది భద్రమవుతుంది, వెర్షన్ హిస్టరీలోకి వెళితే నిన్నటి రూపానికి తిరిగి వెళ్లవచ్చు. చెడగొడతానేమో అన్న భయంతో దేన్నీ ముట్టుకోని కొత్తవారికి ఈ ఒక్క సదుపాయం ఎంతో ధైర్యాన్నిస్తుంది. నలుగురు కలిసి ఒకే ఫైల్ మీద ఒకేసారి పనిచేయడంలో దీనంత సులువైనది నాకు కనిపించలేదు. ఇతరులు పంపిన ఫైల్‌ను తెరవడానికి ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, లింకు నొక్కితే చాలు.

లోపాలు కూడా ఈ బలంలోంచే పుడతాయి. ఇక్కడ కొత్తవారు తరచుగా చేసే ఒక పొరపాటును దగ్గరగా చూపిస్తాను. గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటర్‌లోని ఫోల్డర్‌గా వాడుకునేవారికి ఆ ఫోల్డర్‌లో తమ స్లైడ్ల పేరుతో ఒక ఫైల్ కనిపిస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ ఫైల్‌లో స్లైడ్లు లేవు. ఇంటర్నెట్‌లో ఉన్న అసలు స్లైడ్లకు దారి చూపే లింకు మాత్రమే ఉంది. ఇంటర్నెట్ లేని గదిలో ఆ పెన్‌డ్రైవ్ ఎందుకూ కొరగాదు. స్లైడ్లను తీసుకువెళ్లాలంటే ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ కింద పీపీటీఎక్స్ గానీ పీడీఎఫ్ గానీ ఎంచుకుని దించుకోవాలి. ఇంటర్నెట్ లేకుండా పనిచేసుకునే ఆఫ్‌లైన్ ఏర్పాటు ఉన్నమాట నిజమే కానీ, దాన్ని ఇంటర్నెట్ ఉన్నప్పుడే, మీ సొంత కంప్యూటర్‌లో ముందుగా ఆన్ చేసి పెట్టుకోవాలి.

మరో చిన్న విషయం. మిగతా రెండింటిలో ప్రదర్శన మొదలుపెట్టడానికి ఎఫ్5 నొక్కితే చాలు. గూగుల్ స్లైడ్స్‌లో ఎఫ్5 మాత్రమే నొక్కితే బ్రౌజర్ పేజీ మళ్లీ మొదటినుంచి లోడవుతుంది. దానికి కంట్రోల్ కూడా కలపాలి. పవర్‌పాయింట్ అలవాటున్నవారు సభలో నిలబడి ఇది మరిచిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. పైగా ఇందులో అవుట్‌లైన్ వ్యూ లేదు. గూగుల్ అందించే ఫాంట్లు తప్ప మీ కంప్యూటర్‌లోని సొంత ఫాంట్లు వాడుకునే వీలు కూడా లేదు. యానిమేషన్లు తక్కువ, అయితే నేర్చుకునేవారికి అది లోపం కన్నా మేలే ఎక్కువ.

లిబ్రేఆఫీస్ ఇంప్రెస్

2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడి వచ్చిన లిబ్రేఆఫీస్‌ను ది డాక్యుమెంట్ ఫౌండేషన్ నిర్వహిస్తోంది. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, ఖాతా తెరవనక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు. పాత కంప్యూటర్ ఉన్నవారికీ, తమ ఫైళ్లు తమ దగ్గరే ఉండాలనుకునేవారికీ ఇది సరైన ఎంపిక. దీని సొంత ఫైల్ రూపం ఓడీపీ. ఏ ఒక్క కంపెనీకీ చెందని బహిరంగ ప్రమాణమది. మాస్టర్, అవుట్‌లైన్, నోట్సు, ప్రెజెంటర్ తెర అన్నీ ఉన్నాయి. ఫైల్ ప్రాపర్టీస్‌లోని ఫాంట్ విభాగంలో ఫాంట్లను కలిపే వీలు కూడా ఉంది.

దీని మెనూలు పాతకాలపు తీరులో ఉన్నాయని, సిద్ధంగా వచ్చే డిజైన్లు అంత ఆకర్షణీయంగా లేవని కొందరంటారు, ఆ మాటలో నిజముంది. అసలు చిక్కు మాత్రం వేరేచోట ఉంది. ఇంప్రెస్‌లో చేసి పీపీటీఎక్స్‌గా సేవ్ చేసిన ఫైల్ పవర్‌పాయింట్‌లో తెరిచినప్పుడు అంతరాలు, బుల్లెట్లు, యానిమేషన్లు కొంచెం అటూ ఇటూ కావచ్చు. మీ సొంత ల్యాప్‌టాప్‌తోనే చూపించేవారైతే ఈ సమస్యే లేదు. ఇతరుల కంప్యూటర్‌లో చూపించవలసినవారు ఓడీపీని తమ దగ్గర ఉంచుకుని, తీసుకువెళ్లడానికి పీడీఎఫ్ చేసుకోవడం ఉత్తమం. పీడీఎఫ్‌లో యానిమేషన్లు పోతాయి, అక్షరం మాత్రం చెదరదు.

కీనోట్, కాన్వా, మిగతావి

ఆపిల్ పరికరాలతో ఉచితంగా వచ్చే కీనోట్ 2003లో మొదలైంది, చూపులకు అన్నిటికంటే నాజూకుగా ఉంటుంది. మీ చుట్టూ ఉన్నవారందరూ మాక్ వాడుతుంటే ఆలోచించకుండా దానితో మొదలుపెట్టండి, లేకపోతే వదిలేయండి.

కాన్వా విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు చాలామంది దానితోనే మొదలుపెడుతున్నారు. పది నిమిషాల్లో కళ్లకు ఇంపైన స్లైడ్లు రావాలంటే దానికి సాటి లేదు. అయితే అది ప్రధానంగా బొమ్మల అమరిక కోసం పుట్టిన పనిముట్టు. అందులో పని నేర్చుకున్నవారు ప్రతి స్లైడ్‌నూ ఒక విడి చిత్రంగా చూడటానికి అలవాటుపడతారు, పైన చెప్పిన మాస్టర్, అవుట్‌లైన్ క్రమశిక్షణ వారికి అబ్బదు. పీపీటీఎక్స్‌గా దించుకున్నప్పుడు ఫాంట్లూ అమరికా మారే అవకాశమూ ఉంది. నచ్చిన టెంప్లేట్‌లో కొన్ని అంశాలు డబ్బు కట్టినవారికే అన్న సంగతి పనంతా అయ్యాక తెలియవచ్చు. పునాది పడ్డాక దీన్ని రెండో పనిముట్టుగా వాడుకోవచ్చు, మొదటిదిగా మాత్రం నేను సిఫార్సు చేయను. పెద్ద కాన్వాస్ మీద దగ్గరికీ దూరానికీ జరిగే ప్రెజి, గణిత సమీకరణాలు ఎక్కువగా రాసే పరిశోధకులు ఇష్టపడే లేటెక్ బీమర్ ప్రత్యేక అవసరాల కోసం ఉన్నవి కాబట్టి కొత్తవారు వాటి జోలికి వెళ్లనవసరం లేదు.

అక్షరాల సైజు అనే మోసం

పోలికల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. స్లైడ్ మీద అక్షరాలు ఇన్ని పాయింట్లు ఉండాలని సలహాలు చదువుతాం. కానీ స్లైడ్ కొలత అన్నిచోట్లా ఒకటి కాదు. పదహారుకు తొమ్మిది నిష్పత్తిలో పవర్‌పాయింట్ కొత్త స్లైడ్ వెడల్పు 13.33 అంగుళాలు, గూగుల్ స్లైడ్స్‌లో 10 అంగుళాలు, ఇంప్రెస్‌లో 28 సెంటీమీటర్లు, అంటే సుమారు 11 అంగుళాలు. ప్రొజెక్టర్ మాత్రం అన్నిటినీ ఒకే తెర వెడల్పుకు సాగదీసి చూపిస్తుంది. కాబట్టి గూగుల్ స్లైడ్స్‌లో 24 పాయింట్ల అక్షరం తెర మీద ఎంత కనిపిస్తుందో, పవర్‌పాయింట్‌లో అంతే కనిపించాలంటే 32 పాయింట్లు పెట్టాలి. ఒకదానికి చెప్పిన అంకెను మరొకదానికి వాడి, అక్షరాలు ఎందుకు చిన్నగా ఉన్నాయని ఆశ్చర్యపోనక్కరలేదు.

తెలుగులో స్లైడ్లు చేసేవారికి వరుసల మధ్య ఎడం విషయంలో మరో జాగ్రత్త అవసరం. పవర్‌పాయింట్ సాధారణ థీమ్‌లో ఆ ఎడం 90 శాతంగా ఉంటుంది. ఇంగ్లీషుకు అది బాగానే ఉంటుంది కానీ, తెలుగులో పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడి మీద కూర్చుంటుంది. స్త్ర, ష్ట్ర వంటి రెండు వత్తుల అక్షరాలున్న వాక్యం ఒకటి రాసి చూస్తే వెంటనే తెలుస్తుంది. మాస్టర్‌లోనే ఆ ఎడాన్ని 110 లేదా 120 శాతానికి పెంచుకుంటే ప్రతి స్లైడ్‌లోనూ సరిచేసే బాధ తప్పుతుంది. ఫాంట్ తప్పనిసరిగా అన్ని కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తించడానికి ఏర్పడిన ప్రమాణమైన యూనికోడ్‌దే అయి ఉండాలి, పాత యూనికోడేతర ఫాంట్లతో చేసిన స్లైడ్లు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా మిగులుతాయి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతాయి, గూగుల్ స్లైడ్స్‌లో చేసినవాటిని అక్కడే చూపిస్తే ఫాంట్ కోసం వెతుక్కునే పని ఉండదు. విండోస్‌లోనే చేసి విండోస్‌లోనే చూపించేవారికి నిర్మలా యూఐ సురక్షితమైన ఎంపిక, విండోస్ 8 నుంచి అది వ్యవస్థతోనే వస్తోంది.

ఎవరికి ఏది

ఉద్యోగంలోనో, చదువులోనో ఇతరులు మీకు పీపీటీఎక్స్ ఫైళ్లు పంపి దిద్ది పంపమంటుంటే, పవర్‌పాయింట్ తప్ప మరో దారి వెతకడం సమయం వృథా చేసుకోవడమే. ముందు ఉచిత బ్రౌజర్ వెర్షన్‌తో మొదలుపెట్టి, ఫాంట్లు కలపడం, పూర్తిస్థాయి యానిమేషన్ వంటివి నిజంగా అవసరమైన రోజున పూర్తి వెర్షన్ గురించి ఆలోచించండి. అటువంటి బలవంతమేదీ లేనివారికి, ఇంటర్నెట్ నిలకడగా ఉన్నవారికి గూగుల్ స్లైడ్స్ నా మొదటి ఓటు. పోతుందన్న భయం లేకుండా తప్పులు చేస్తూ నేర్చుకోవచ్చు. ఇంటర్నెట్ వచ్చీపోయీ ఉండేవారికీ, ఏ ఖాతాకూ కట్టుబడకుండా ఉండాలనుకునేవారికీ ఇంప్రెస్. ఫోన్ మాత్రమే ఉన్నవారు పవర్‌పాయింట్, గూగుల్ స్లైడ్స్ యాప్‌లతో స్లైడ్లు దిద్దుకోవచ్చు కానీ, మాస్టర్‌తో పనిచేయడం నేర్చుకోవాలంటే వారంలో ఒకరోజైనా కంప్యూటర్ దొరికేలా చూసుకోవాలి.

ఎంచుకున్నాక నెలల తరబడి వీడియోలు చూడనవసరం లేదు. మీకు బాగా తెలిసిన విషయం మీద ఆరే ఆరు స్లైడ్లు చేయండి: శీర్షిక స్లైడ్ ఒకటి, అక్షరాలతో రెండు, బొమ్మతో ఒకటి, పట్టికతో ఒకటి, చార్టుతో ఒకటి. ఏ పదాన్నీ టెక్స్ట్ బాక్సులో రాయకండి. తరువాత మాస్టర్‌లోకి వెళ్లి శీర్షిక ఫాంట్ మార్చండి. ఆరింటిలో ఏ స్లైడ్ మారలేదో వెతికి, ఎందుకు మారలేదో కనిపెట్టండి. ఆపైన ఆ ఫైల్‌ను పీపీటీఎక్స్‌గా దించి, మరెవరి కంప్యూటర్‌లోనైనా తెరవండి. కంప్యూటర్‌కు రెండో తెర జోడించి, విండోస్ మీటతో పి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకుని ప్రెజెంటర్ వ్యూ తెచ్చుకోండి, నోట్సు మీకు మాత్రమే, స్లైడ్ ఎదుటివారికి మాత్రమే కనిపిస్తోందో లేదో సరిచూసుకోండి. ఈ పరీక్షలో ఎక్కడైనా అమరిక చెదిరితే ఏది చెదిరిందో రాసి పెట్టుకోండి. రెండో సాఫ్ట్‌వేర్‌లో అవే ఆరు స్లైడ్లు మళ్లీ చేసినప్పుడు పోల్చుకోవడానికి ఆ కాగితం పనికొస్తుంది.